జట్టు లోతును కొలవడం: తెలుగు టైటాన్స్ ఉదాహరణగా భావి ఆటగాళ్ళ నిల్వ అంచనా

5.1 పరిచయం

2023 అక్టోబరులో జరిగిన ప్రో కబడ్డీ లీగ్ పదో సీజన్ వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నది. అప్పటివరకు ఆ లీగ్‌లో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. పవన్ తన వంతు లోటు లేకుండా ఆడాడు. ఆ సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా టైటాన్స్ ఆడిన 22 మ్యాచ్‌లలో గెలిచినవి 2 మాత్రమే. 12 జట్లలో 12వ స్థానం దక్కింది.

ఆ సీజన్ ఫైనల్ హైదరాబాదులోనే, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 2024 మార్చి 1న జరిగింది. పుణేరి పల్టన్ 28-25 తేడాతో హర్యానా స్టీలర్స్‌ను ఓడించి తొలిసారి విజేత అయింది. పుణే జట్టులో అప్పటికి రెండు మూడేళ్ళుగా కలిసి పెరిగిన యువకులే ఎక్కువ. మన ఊరి మ్యాట్ మీద మనవాళ్ళు లేని ఫైనల్ చూసి చాలామంది అభిమానులు "పవన్ ఉండి కూడా ఏమిటిది?" అని వాపోయారు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

ఈ భాగం చదివిన తరువాత మీరు ఒక వృత్తి క్రీడా జట్టు దగ్గర ఉన్న భావి ఆటగాళ్ళ నిల్వ ఎంత లోతైనదో సొంతంగా అంచనా వేయగలుగుతారు. ఇక్కడ కబడ్డీని ఉదాహరణగా తీసుకున్నా, హాకీకైనా క్రికెట్‌కైనా పద్ధతి ఇదే.

'లోతు' అనే మాటను కొంచెం ఆలోచించి వాడాలి. వరంగల్ ప్రాంతం వారికి చెరువుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వానాకాలంలో నాలుగు చినుకులు పడగానే ప్రతి కుంటా నిండుగా కనిపిస్తుంది. ఏ చెరువులో ఎంత నీరున్నదో తేలేది ఎండాకాలంలో. జట్ల విషయమూ ఇంతే. గాయాలు లేనప్పుడు, సీజన్ మొదటి వారంలో, అన్ని జట్లూ నిండుగానే కనిపిస్తాయి.

5.2 ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి?

అంచనా మొదలుపెట్టే ముందు గీత గీసుకోవాలి. 'భావి ఆటగాడు' అంటే జట్టుతో ఏదో ఒక ఒప్పందంలో ఉండి, ఇంకా ప్రధాన జట్టులో స్థిరమైన చోటు సంపాదించుకోని యువకుడు. గత సీజన్‌లో సగానికి మించి మ్యాచ్‌లలో మొదటి ఏడుగురిలో ఆడినవాడిని ఈ లెక్కలోంచి తీసివేయాలి. అతను ఇప్పుడు జట్టులో భాగం. అతన్ని రెండు చోట్లా లెక్కపెడితే ఒకే నీటిని రెండు చెరువులలో చూపించినట్లవుతుంది. సగం అన్నది నేను పెట్టుకున్న గీత. మీరు మూడో వంతు అనుకోవచ్చు. ఏది పెట్టుకున్నా అన్ని జట్లకూ అదే పెట్టాలి.

ప్రో కబడ్డీ లీగ్‌లో ఒక్కో జట్టు 18 నుండి 25 మంది వరకు ఆటగాళ్ళను ఉంచుకోవచ్చు. మ్యాట్ మీద ఆడేది ఏడుగురు. వేలంలో కొన్నవారు, పాత సీజన్ నుండి అట్టిపెట్టుకున్నవారు పోగా 'న్యూ యంగ్ ప్లేయర్స్' అనే వర్గం ఒకటి ఉంది. లీగ్‌లో ఇంతకుముందు ఆడని యువకులను జట్లు నేరుగా, వేలంతో పనిలేకుండా, తక్కువ జీతానికి తీసుకొని కొన్ని సీజన్ల పాటు తమ వద్ద ఉంచుకోవచ్చు. మనం కొలవబోయే నిల్వ ప్రధానంగా ఇదే.

ఉత్తర అమెరికాలోని ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఈ నిల్వ ఇంకా పెద్దది. అక్కడి 32 జట్లు ఏటా ఏడు విడతలుగా, 18 ఏళ్ళ వయసుకు వచ్చిన కుర్రవాళ్ళ నుండి తమకు కావలసినవారిని వంతులవారీగా ఎంచుకుంటాయి. ఎంచుకున్నవారు వెంటనే ఆడరు. చాలామంది మూడు నాలుగేళ్ళు కింది స్థాయి పోటీలలో ఆడుతూ ఎదుగుతారు. అందువల్ల ఏ జట్టు దగ్గర ఎంత మంది యువకులు ఎదుగుతున్నారో లెక్కగట్టి జట్లకు వరుస సంఖ్యలు ఇవ్వడం అక్కడ ఒక ప్రత్యేక విద్యగా స్థిరపడింది. ఆ పట్టికలలో తరచూ కనిపించే పొరపాటు ఒకటి ఉంది. మొదటి విడతలో ఎంపికైన పెద్ద పేర్లను చూసి నిల్వ బాగుందనుకోవడం. డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టు పావెల్ దత్సుక్‌ను 1998లో 171వ వంతులోనూ, హెన్రిక్ జెట్టర్‌బర్గ్‌ను 1999లో 210వ వంతులోనూ ఎంచుకున్నది. అంతకు ముందు 170 మందిని, 209 మందిని ఇతరులతో పాటు తానూ ఎంచుకున్నాకే వారి పేర్లు వచ్చాయి. తరువాతి కాలంలో ఆ జట్టుకు ఆధారంగా నిలిచింది ఈ ఇద్దరే.

5.3 పై పేరు కొట్టివేసి చూడటం

ఇప్పుడు అసలు పద్ధతికి వద్దాం. కాగితం మీద జట్టు పేర్లన్నీ బలం వరుసలో రాయండి. మొదటి పేరును కలంతో కొట్టివేయండి. మిగిలినవాళ్ళతో ఈ జట్టు మ్యాచ్ ఆడగలదా? తరువాత రెండో పేరూ కొట్టివేయండి. ఎన్ని పేర్లు కొట్టేదాకా జట్టు జట్టుగా నిలబడుతుందో అదే దాని లోతు. ఈ నిర్వచనం చాలా మోటుగా కనిపిస్తుంది. కానీ నలభై ఏళ్ళలో నేను చూసిన పట్టికలన్నిటికంటే ఇది తక్కువసార్లు మోసం చేసింది.

ఈ పరీక్షను మనం ఊహలోనే చేయనక్కరలేదు. గాయాల రూపంలో అది నిజంగానే జరిగిన సందర్భాలు రెండు ఉన్నాయి.

మొదటిది 2021 డిసెంబరులో మొదలైన ఎనిమిదో సీజన్. తెలుగు టైటాన్స్ ప్రధాన రైడర్ సిద్ధార్థ్ దేశాయ్. 2019లో 1 కోటి 45 లక్షలకు కొన్నారు, ఆ ఏడాది 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. ఎనిమిదో సీజన్ తొలి కొన్ని మ్యాచ్‌లకే అతను గాయపడి తప్పుకున్నాడు. రజనీష్ వంటి యువ రైడర్లు శక్తి కొద్దీ ఆడారు. ఫలితం: 22 మ్యాచ్‌లలో 1 గెలుపు.

రెండోది 2022 అక్టోబరులో మొదలైన తొమ్మిదో సీజన్. అప్పటి వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొన్నది తమిళ్ తలైవాస్. తొలి మ్యాచ్‌లోనే పవన్ మోకాలికి గాయమైంది. ఇక ఆ సీజన్‌లో అతను ఆడలేదు. సిద్ధార్థ్ గాయం కన్నా ఇది పెద్ద దెబ్బ, పైగా మొదటి రోజే. అయితే ఆ జట్టులో నరేందర్ అనే కొత్త కుర్రవాడు ఉన్నాడు. న్యూ యంగ్ ప్లేయర్‌గా తీసుకున్నవాడు. మొదటి సీజన్‌లోనే 240కి పైగా రైడ్ పాయింట్లు సాధించాడు. సాగర్, సాహిల్ గులియాల వంటి యువ డిఫెండర్లు వెనుక కాచారు. తలైవాస్ తమ చరిత్రలో తొలిసారి సెమీఫైనల్‌కు చేరి, అక్కడ పుణేరి పల్టన్ చేతిలో 37-39తో ఓడిపోయింది.

రెండు జట్లకూ పై పేరు కొట్టివేయబడింది. ఒకటి అట్టడుగుకు పోయింది, మరొకటి ఎన్నడూ చేరని చోటికి చేరింది. నరేందర్ దొరకడం తలైవాస్ అదృష్టమని అనవచ్చు. కొంత నిజమే. అయితే ఆ అదృష్టం పట్టాలంటే అలాంటి కుర్రవాడు ముందే జట్టులో ఉండి, సాధన చేస్తూ, ఆడటానికి సిద్ధంగా ఉండాలి కదా.

కబడ్డీలో ఈ పరీక్షకు గాయం కూడా అక్కరలేదు. ఆట నియమమే నిమిషనిమిషానికి ఈ పరీక్ష పెడుతుంది. కూతకు వెళ్ళిన రైడర్ పట్టుబడితే బయట కూర్చోవాలి. తన జట్టు పాయింటు సాధిస్తేనే తిరిగి లోపలికి వస్తాడు. అంటే ప్రధాన రైడర్ బయట ఉన్న సమయంలో మరొకడు కూతకు వెళ్ళి పాయింటు తేవాలి, లేదా డిఫెండర్లు ఎదుటివాణ్ణి పట్టాలి. ఆ ఇద్దరిలో ఎవరూ లేకపోతే కోట్ల రూపాయల ఆటగాడు బెంచీ మీద కూర్చొని గడియారం చూస్తుంటాడు. ఇంతలో జట్టు ఆలౌట్ అవుతుంది. ఎదుటి జట్టుకు అదనంగా 2 పాయింట్లు పోతాయి. పదో సీజన్‌లో టైటాన్స్ మ్యాచ్‌లు చూసినవారికి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. క్రికెట్‌లో ఒక్క బ్యాటర్ ఒక రోజంతా నిలిచి మ్యాచ్ గెలిపించవచ్చు. కబడ్డీలో ఒక్కడే ఉండటం అంటే, ఎదుటి జట్టు ఎవరిని ఆపాలో ముందే చెప్పేయడం.

5.4 డబ్బు ఎక్కడికి పోయింది?

పదో సీజన్‌కు జట్టు మొత్తానికి పెట్టగల ఖర్చు పరిమితి 5 కోట్లు. పవన్ ఒక్కడికే 2.605 కోట్లు. అంటే నూటికి 52 వంతులు. మిగిలిన 2 కోట్ల 39 లక్షల 50 వేలలో కనీస సంఖ్య ప్రకారం మరో 17 మందిని సమకూర్చుకోవాలనుకుంటే, సగటున మనిషికి 14 లక్షలు వస్తాయి. ఈ సగటుకు అనుభవం ఉన్న కార్నర్ డిఫెండర్లు, రెండో రైడర్, మంచి ఆల్‌రౌండర్ అందరూ దొరకరు. ఎవరో ఒకరిని వదులుకోవాలి.

అలాగని పెద్ద ధర పెట్టడమే తప్పని తేల్చవద్దు. విద్యార్థులు తమ జవాబులలో ఇక్కడే తొందరపడతారు. అదే సీజన్‌లో పుణేరి పల్టన్ ఇరాన్ ఆల్‌రౌండర్ మహమ్మద్‌రెజా షాద్లూయికి 2 కోట్ల 35 లక్షలు పెట్టింది. అది టైటాన్స్ పెట్టినదానికి మరీ దూరమేమీ కాదు. అతను ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువ ట్యాకిల్ పాయింట్లు సాధించి ధరకు న్యాయం చేశాడు. తేడా ఏమిటంటే, అతను వచ్చేనాటికి పుణే దగ్గర అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ ఉన్నారు. ఇద్దరూ ఎనిమిదో సీజన్‌లో కొత్త కుర్రవాళ్ళుగా వచ్చినవారు. పంకజ్ మోహితే 2019 నుండే ఉన్నాడు. అభినేశ్ నాదరాజన్, సంకేత్ సావంత్, గౌరవ్ ఖత్రీ వెనుక వరుసలో కుదురుకున్నారు. యువకులను తయారు చేయడానికి ఆ యాజమాన్యం 'యువ పల్టన్' పేరుతో ప్రత్యేకంగా ఒక జట్టునే నడిపింది. తక్కువ జీతానికి ఎదిగిన యువకులు ఉండబట్టి, మిగిలిన డబ్బు ఒక పెద్ద ఆటగాడి మీద పెట్టగలిగారు. నిల్వ అంటే రేపటి ఆటగాళ్ళే అనుకుంటాం. ఇవాళ్టి కొనుగోలు శక్తి కూడా అందులోంచే వస్తుంది.

5.5 స్థానాలవారీ లెక్క

పది మంది మంచి యువకులు ఉన్నా అందరూ రైడర్లే అయితే నిల్వ లోతుగా ఉన్నట్లు కాదు. కబడ్డీ జట్టులో ఎడమ కార్నర్, కుడి కార్నర్, రెండు కవర్లు, రైడర్లు వేరువేరు పనులు చేస్తారు. కార్నర్ చీలమండ పట్టాలి, కవర్ ముందుకు ఉరికి తోయాలి లేదా గొలుసుగా నడుము పట్టాలి. ఎడమవైపు ఆడేవాడిని కుడివైపు నిలబెడితే అడుగులే తడబడతాయి. అందుకే పేర్లను ఒకే నిలువు వరుసలో కాక, స్థానానికి ఒక వరుసగా రాసుకోండి. ఒక్కో స్థానంలో 'ఇవాళ ఆడగలవాడు', 'ఏడాదిలో ఆడగలవాడు', 'రెండు మూడేళ్ళకు' అని మూడు గళ్ళు పెట్టండి. ఖాళీ గడి ఏదో వెంటనే కనిపిస్తుంది. సాధారణంగా అది డిఫెన్స్‌లోనే ఉంటుంది. కూత పెట్టే కుర్రవాడు కంటికి ఆనుతాడు. ముప్పై సెకన్లు కదలకుండా కాచుకొని సరైన క్షణంలో పట్టే కుర్రవాడు ఆనడు. ఎంపిక చేసేవాళ్ళమూ చప్పట్లు కొట్టే మనుషులమే.

5.6 అవకాశాల లెక్క

యువకుల విషయంలో ఖచ్చితంగా చెప్పగలిగేది ఏదీ ఉండదు. అందుకని ప్రతి ఒక్కరి పక్కనా 'ప్రధాన జట్టులో స్థిరపడే అవకాశం నూటికి ఎంత' అని ఒక అంకె వేస్తారు. ఈ అంకె అంచనా మాత్రమే. అయినా వేసి చూస్తే కొన్ని భ్రమలు తొలగుతాయి.

ఉదాహరణకు క, ఖ అనే రెండు ఊహాజనిత జట్లను తీసుకుందాం. క జట్టు దగ్గర 11 మంది యువకులున్నారు. అందులో ఒకడు అందరూ పొగిడే కుర్రవాడు, అవకాశం నూటికి 60. మిగిలిన పదిమందికి ఒక్కొక్కరికి నూటికి 5. ఖ జట్టు దగ్గర ఆరుగురే ఉన్నారు. పేరున్నవాడు ఒక్కడూ లేడు. ఒక్కొక్కరికి నూటికి 25 అవకాశం.

పత్రికలలో క జట్టు గురించే రాస్తారు. సంఖ్యలోనూ అదే ఎక్కువ, పేరులోనూ అదే ఎక్కువ. ఇప్పుడు లెక్క చూడండి. క జట్టులో సగటున స్థిరపడేవారు 0.60 + (10 × 0.05) = 1.1. ఖ జట్టులో 6 × 0.25 = 1.5. కనీసం ఒకడైనా స్థిరపడే అవకాశం క జట్టుకు నూటికి 76, ఖ జట్టుకు 82. ఇక్కడిదాకా పెద్ద తేడా లేదు. కనీసం ఇద్దరు స్థిరపడాలంటే? క జట్టుకు నూటికి 28, ఖ జట్టుకు 47. రెండో మనిషి కావలసివచ్చినప్పుడు తేడా బయటపడుతుంది. మనం 5.3లో పేరు కొట్టివేసి చూసినదీ ఇదే. ఒకరికి మరొకరితో సంబంధం లేకుండా ఎదుగుతారని ఊహించి ఈ లెక్క వేశాం. నిజానికి ఒకే శిక్షకుడి కింద ఉన్నవారు కలిసి బాగుపడటమో, కలిసి పాడవటమో జరుగుతుంది. ఆ మేరకు అంకెలు మారతాయి.

లెక్కను ఎదురుగా తిప్పి వాదించేవారూ ఉన్నారు. ఐదారుగురు మామూలు ఆటగాళ్ళకంటే ఒక్క అసాధారణుడే మేలంటారు. ఏడుగురే ఆడే ఆటలో ఆ మాటను కొట్టిపారేయలేం. రాహుల్ చౌదరి తొలి ఆరు సీజన్లూ టైటాన్స్‌కే ఆడాడు. లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు దాటిన తొలి ఆటగాడు అతనే. అతని కాలంలో 2015లో జట్టు మూడో స్థానంలోనూ, 2016లో నాలుగో స్థానంలోనూ నిలిచింది. కానీ 2015 జట్టులో సుకేశ్ హెగ్డే, దీపక్ నివాస్ హుడా, ఇరాన్‌కు చెందిన మెరాజ్ షేక్ కూడా ఉన్నారని మరువరాదు. వారు వెళ్ళిపోయినకొద్దీ రాహుల్ మీద భారం పెరిగింది. 2019లో రాహుల్ కూడా వేరే జట్టుకు వెళ్ళాక అతని వెనుక ఎదిగి ఉన్నవాడు కనబడలేదు. అప్పటినుండి టైటాన్స్ ఏటా వేలంలో ఒక పెద్ద పేరు కోసం వెతికింది. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లలో 5 గెలుపులు. లీగ్‌లో ఇంతకంటే బాధాకరమైన మూడేళ్ళు నాకు గుర్తు లేవు.

5.7 ఎంతకాలం మనవాడు?

నిల్వలో ఉన్న ఆటగాడు ఎప్పటికి పండుతాడు, అప్పటిదాకా మన దగ్గర ఉంటాడా అన్నవి రెండు వేరు ప్రశ్నలు. మా ప్రాంతంలో గొలుసుకట్టు చెరువులు ఉండేవి, కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. మధ్యలో కాలువ తెగితే పై చెరువు ఎంత నిండినా కింది పొలం ఎండుతుంది. వేలం ఉన్న లీగ్‌లో ఆ తెగిన కాలువ పేరు ఒప్పందం గడువు.

పట్నా పైరేట్స్ సంగతి చూడండి. 2024లో పదకొండో సీజన్‌లో దేవాంక్, అయాన్ అనే ఇద్దరు యువ రైడర్లు ఆ జట్టును ఫైనల్‌కు చేర్చారు. దేవాంక్ ఒక్కడే ఆ సీజన్‌లో 300 రైడ్ పాయింట్లు దాటాడు. తరువాతి వేలంలో అతన్ని బెంగాల్ వారియర్స్ 2 కోట్లకు పైగా పెట్టి కొనుక్కున్నది. కుర్రవాడిని వెలికితీసిన ఫలితం ఒక సీజన్‌కే పరిమితమైంది. అందుచేత పట్టికలో ప్రతి యువకుడి పక్కనా ఒప్పందం ఎప్పటివరకో రాయాలి. రెండేళ్ళకు పండేవాడు, ఒక్క ఏడాదే మన దగ్గర ఉంటే, ఆ నీరు మన చెరువుది కాదు.

టైటాన్స్ పరిస్థితి తరువాత మారింది. 2024లో పవన్‌ను మళ్ళీ తీసుకున్నా ఈసారి 1 కోటి 72 లక్షల 50 వేలకే. గాయంతో అతను కొన్ని మ్యాచ్‌లకు దూరమైనప్పుడు విజయ్ మలిక్, యువకుడు ఆశిష్ నర్వాల్ జట్టును లాక్కొచ్చారు. 22లో 12 గెలుపులు, ఏడో స్థానం. 2025లో పవన్ జట్టులోనే లేడు. విజయ్ మలిక్ నాయకత్వంలో, 81 లక్షలకు వచ్చిన భరత్ హుడా తోడుగా, క్వాలిఫయర్-2 వరకు వెళ్ళి పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. పేర్లు చిన్నవయ్యాయి, గళ్ళు నిండాయి. ఈ జట్లలో తెలుగు కుర్రవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే ఎందుకున్నారన్న ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. అది జిల్లా స్థాయి శిక్షణకు సంబంధించిన విషయం, దానికి వేరే పాఠమే కావాలి. చెడుగుడు ఆడని ఊరు లేని ప్రాంతంలో ఈ ప్రశ్న రావడమే నాకు కష్టంగా ఉంటుంది.

5.8 కాగితం మీది లోతు

ఈ పట్టికలలో నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. వరంగల్‌లో పనిచేసిన రోజుల్లో చాలా ఏళ్ళు కళాశాల స్థాయి కబడ్డీ జట్లను ఎంపిక చేసే బృందంలో ఉన్నాను. స్థానాలవారీ పట్టిక అప్పటికే వాడేవాణ్ణి. ఎడమ కార్నర్ వరుసలో నా పుస్తకంలో రెండు పేర్లు ఉండేవి. రెండో పేరు పరకాల వైపు పల్లె నుండి వచ్చే ఒక విద్యార్థిది. మొదటివాడు బాగా ఆడుతున్నాడు గనుక రెండోవాడిని రెండేళ్ళు రిజర్వులోనే ఉంచాం. ప్రతిసారీ "వచ్చే ఏడు నీదే" అని చెప్పేవాణ్ణి. మ్యాచ్ మధ్యలో నాలుగు నిమిషాలు కూడా దింపలేదు. పట్టిక చూసుకుంటే మాత్రం ఆ స్థానంలో మనకు లోతు ఉందని నిశ్చింతగా ఉండేది.

మూడో ఏడు మొదటివాడి భుజం జారింది. రెండోవాడి కోసం కబురు పంపితే అతను చదువు మధ్యలో ఆపి ఎనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాలు మోస్తున్నాడని తెలిసింది. వెళ్ళి కలిశాను. "సార్, ఒక్క మ్యాచ్ ఆడిచ్చి పనికిరావన్నా బాగుండేది. నాకు ఆట వస్తదో రాదో నాకే తెల్వకుండ పోయింది" అన్నాడు. ఆ ఏడాది మా జట్టు తొలి రోజే ఇంటికొచ్చింది. అది పెద్ద విషయం కాదు. అతని రెండేళ్ళు నా పుస్తకంలో ఒక గడి నింపడానికి పోయాయి.

అప్పటినుండి నా పట్టికలో మరో గడి చేర్చాను: 'ఆడిన నిమిషాలు'. గత ఏడాదిలో పోటీ మ్యాచ్‌లలో ఆ యువకుడు ఎన్ని నిమిషాలు మ్యాట్ మీద ఉన్నాడు, ఎలాంటి ప్రత్యర్థి మీద, ఏ పరిస్థితిలో? రెండు ఖాళీ రైడ్ల తరువాత తప్పనిసరిగా పాయింటు తేవలసిన 'డూ ఆర్ డై' రైడ్‌కు అతన్ని ఎప్పుడైనా పంపారా? ముగ్గురే మిగిలినప్పుడు సూపర్ ట్యాకిల్‌కు నిలబెట్టారా? ఈ గడిలో సున్నా ఉంటే ఆ పేరును సగం విలువకే లెక్కపెట్టండి. రెండేళ్ళు వరుసగా సున్నా ఉంటే లెక్కపెట్టకండి. అతను పనికిరాడని దీని అర్థం కాదు. అతని గురించి జట్టుకు ఏమీ తెలియదని మాత్రమే. గణాంకాలు చూసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. 20 పాయింట్ల ఆధిక్యంతో గెలుస్తున్న మ్యాచ్ చివరి ఐదు నిమిషాల్లో తెచ్చిన పాయింట్లకూ, సమానంగా ఉన్నప్పుడు తెచ్చినవాటికీ ఒకే విలువ ఇవ్వరాదు.

అభ్యాసం

1. ప్రో కబడ్డీ లీగ్‌లో మీకు నచ్చిన ఒక జట్టును ఎంచుకోండి. స్థానాలవారీ పట్టిక తయారు చేసి, ప్రతి యువకుడికీ అవకాశం, ఒప్పందం గడువు, ఆడిన నిమిషాలు అనే మూడు గళ్ళు నింపండి. తరువాత పై రెండు పేర్లు కొట్టివేసి, మిగిలిన ఏడుగురిని రాయండి.

2. 5.6లోని ఖ జట్టు నుండి ఇద్దరు యువకులను వేరే జట్టు వేలంలో కొనుక్కున్నదనుకోండి. మిగిలిన నలుగురిలో కనీసం ఇద్దరు స్థిరపడే అవకాశం ఎంతో లెక్కించండి. నూటికి 26 దరిదాపుల్లో జవాబు వస్తే మీ లెక్క సరైనదే.

3. మీ ఊరిలోనో, మండల కేంద్రంలోనో కబడ్డీ ఆడే ఒక జట్టు దగ్గరికి వెళ్ళి, రిజర్వులో కూర్చున్నవారిలో ఒకరితో మాట్లాడండి. చివరిసారి పోటీ మ్యాచ్‌లో ఎప్పుడు దిగారో, ఎంతసేపు ఆడారో అడిగి తేదీతో సహా రాసుకొని, సంప్రదింపు తరగతికి ఆ కాగితం తీసుకురండి.